ఫ్లేమౌట్‌కి తెలుగు మాట

కంచరపాలెం ఐటీఐ కుర్రాళ్ల కోసం
ఇంజిన్ మాటల చిన్న పుస్తకం రాస్తున్నాను.
ఫిల్టర్ దాటాను, ఫ్యాన్ దాటాను,
ఫ్లేమౌట్ దగ్గర పెన్ను ఆగిపోయింది.

‘జ్వాలాశమనం’ అని రాసి
గొర్లె పైడితల్లినాయుడు మాస్టారికి చూపించాను.
ముప్పై ఒక్కేళ్లు డేగాలో
జెట్ ఇంజిన్లు విప్పి బిగించిన మనిషి.
రిటైరైనా అరచేతి గీతల్లో గ్రీజు రిటైర్ కాలేదు.
కళ్లజోడు నుదుటి మీదికి తోసి అన్నారు:
“ఇరవై వేల అడుగుల మీద నోరెండిపోయినోడు
ఇంత మాట ఎప్పుడు పలుకుతాడమ్మా?
పలికేలోగా యారాడ కొండ వచ్చేత్తాది.”

పోనీ, ‘ఇంజిన్ వైఫల్యం’?

“బ్లేడు విరిగితే వైఫల్యం.
బేరింగు పట్టేస్తే వైఫల్యం.
ఇదలాక్కాదు.
గాలి ఉంటాది, ఒక్కోపాలి ఆయిలూ నిండుగానే ఉంటాది,
రెక్కలు తిరుగుతానే ఉంటాయి.
లోపల మంటొక్కటే ఉండదు.
వాన ఎక్కువ మింగిందో,
పల్చటి గాలిలో కుర్రోడు ఆత్రపడి థ్రాటిల్ తోసేసేడో...”

అప్పుడు చెప్పారు, తొలకరికి ముందు ఒక మధ్యాహ్నం సంగతి.
భీమిలి సముద్రం మీద ట్రైనింగ్ జెట్.
చేతిలో టీ గ్లాసుతో టార్మాక్ మీద తను.
రేడియోలో ఒకటే మాట: ఫ్లేమౌట్.
దేవుణ్ని పిలవలేదు, అమ్మనీ పిలవలేదు.
ఆ ఒక్క మాటకి
ఫైరింజను కదిలింది,
దిగబోతున్న విమానం మళ్లీ పైకి లేచింది,
రన్‌వే పక్కన కొంగల్ని తోలేవాడు పరుగెత్తాడు,
అంబులెన్సు డ్రైవరు తింటున్న అన్నం వదిలేశాడు.
“నువ్వు అర్థం రాత్తన్నావు. దాని పని రాయి” అన్నారు.

“ఆ అబ్బాయేం చేశాడు?”
“ముక్కు కిందికి దించేడు.”
“పడిపోతున్నవాడు ఇంకా కిందికా?”
“దిగితేనే గాలి చిక్కబడతాది.
గాలి తోత్తేనే రెక్కలు జోరందుకుంటాయి.
అప్పుడు మీట నొక్కాల.”
“అంటుకుందా?”
“మొదటిసారి లేదు.”
టీ ఒక గుక్క.
“రెండోసారీ లేదు.”

ఇంతలో లోపల్నుంచి సన్యాసమ్మగారి కేక:
“కిటికీ మూయండంటే వినరు కదా,
దీపం కొండెక్కిపోనాది!”

సముద్రపు గాలి తలుపు తోసుకుని వచ్చింది.
మాస్టారు నా వైపు చూశారు.
నేను పుస్తకం వైపు చూశాను.

ఆరిపోయింది అనకూడదని
చిన్నప్పుడే మా నోళ్లకి నేర్పారు.
అన్నామంటే చెంప పగిలేది.
కొండెక్కింది అనాలి.
అప్పన్న దర్శనానికి మెట్లెక్కి వెళ్లినట్టు,
కాసేపాగి చెమట తుడుచుకుంటూ తిరిగొచ్చేస్తుందన్నట్టు.
మంట పైకి పోయింది, మనిషి కిందికి దిగుతున్నాడు,
మధ్యలో ఏ ఎత్తులోనో
ఇద్దరూ ఒకరికొకరు ఎదురుపడాలి.

సన్యాసమ్మగారు అగ్గిపుల్ల గీశారు.
గాలి తినేసింది.
ఇంకోటి.
అదీ తినేసింది.
చీరకొంగు అడ్డం పెట్టి
గోడవైపు తిరిగి మూడోది గీశారు.
ఒత్తి కాసేపు ఆలోచించి, పట్టుకుంది.

‘ఫ్లేమౌట్: ఇంజిన్ మంట కొండెక్కడం’ అని రాసిచ్చాను.
డాబాగార్డెన్స్ ప్రెస్సులో ఎవరో భాషాభిమాని
‘ఇంజిన్ కొండ ఎక్కుట’ అని దిద్ది అచ్చేశాడు.
క్లాసంతా నవ్వు.
ఘాట్ రోడ్డులో ఆటో శబ్దం చేసి చూపించాడొకడు.
నవ్వినంతసేపు నవ్వనిచ్చి
మాస్టారి మధ్యాహ్నం చెప్పాను,
ఆయన ఆపిన చోటే నేనూ ఆపాను.

వెనక బెంచీలో మల్కాపురం కుర్రాడు లేచాడు:
“మేడం, మూడోసారి అంటుకుందా?”

ఆ సంగతి నేను అడగనే లేదు.
అగ్గిపుల్లలు లెక్కపెట్టాను కాబట్టి
“మూడోసారి కూడా నొక్కాలి” అని మాత్రం అన్నాను.
కిటికీ బయట డేగా వైపు ఏదో దిగుతోంది.
నలభై తలలు అటు తిరిగాయి,
చప్పుడు వినడానికి.